చనిపోయాక అందిన సంతకం

22వ తేదీ ఉదయం 6 గంటల 10 నిమిషాలకు ఆమె చనిపోయింది.

అదే రోజు 11 గంటల 30 నిమిషాలకు ఆమె సంతకం పెట్టిన ఫారం ఇన్సూరెన్స్ కంపెనీ కౌంటర్‌కి చేరింది.

మధ్యలో అయిదు గంటల ఇరవై నిమిషాలు. చచ్చినవాళ్లు సంతకాలు పెట్టరు. బతికున్నవాళ్లు పెట్టినవే కంపెనీలు నమ్మవు, ఇక చచ్చినవాళ్ల సంగతి చెప్పాలా?

ఫారం మీద తేదీ మాత్రం 3 అని ఉంది. సంతకం వంకరటింకరగా ఉంది. తెచ్చి ఇచ్చింది ఆమె ఒక్కగానొక్క కూతురు.

క్లెయిమ్స్ మేనేజర్ ఆ ఫైలును భూతద్దం ముందు పడేశాడు. భూతద్దం అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. పాతికేళ్లు పోలీసు శాఖలో చేసి, రిటైరయ్యాక కంపెనీలో క్లెయిమ్ ఇన్వెస్టిగేటర్‌గా చేరాడు. దేన్నీ ఒక్కసారి చూసి వదలడు గనక ఆ పేరు పడింది.

ఫోర్జరీ అని రెండు లైన్లు రాసిస్తే చాలన్నాడు మేనేజర్. మర్నాడే కూతురి మీద పోలీస్ కంప్లెయింట్ ఇస్తామన్నాడు.

భూతద్దం మొదట పాలసీ చదివాడు. అందులో హాస్పిస్ కవర్ ఉంది. నయంకాని రోగులను ఆఖరి రోజుల్లో నొప్పి లేకుండా చూసుకునే ఏర్పాటు అది. జబ్బు ఇక నయం కాదని ఇద్దరు డాక్టర్లు రాసివ్వాలి. ఆ పైన రోగి తన చేత్తో సంతకం పెట్టాలి: నా జబ్బు నయం కాదని నాకు తెలుసు, నయం చేసే వైద్యం ఇక వద్దు, నొప్పి లేకుండా చూస్తే చాలు అని. ఆ కాగితం కంపెనీకి అందిన రోజు నుంచి ఖర్చు కంపెనీదే. ఇంటికి నర్సు వస్తుంది. నొప్పి మందు వస్తుంది. వాలేందుకు వీలైన మంచం వస్తుంది. ఇంట్లో కుదరకపోతే హాస్పిస్‌లో గది ఇస్తారు.

డాక్టర్ల కాగితాలు అంతకుముందు నెల 28నే కంపెనీకి అందాయి. రోగి సంతకం ఒక్కటే రాలేదు.

మొదట కలిసింది పాలసీ చేయించిన ఏజెంటును. అతను చనిపోయినామెకు సొంత తమ్ముడే.

"చచ్చేవాళ్లకి కూడా ఇన్సూరెన్స్ పనికొస్తుందని సగంమందికి తెలీదు సార్. తెలిసినవాళ్లు వాడుకోరు," అన్నాడు తమ్ముడు. "ఫారం తెస్తాను బావా, అక్క చేత సంతకం పెట్టిద్దాం అని నాలుగుసార్లు అడిగాను. దానికి చెప్పి నన్నే చంపమంటావా అన్నాడు బావ."

"అంటే జబ్బేమిటో ఆవిడకి చెప్పలేదా?"

"కడుపులో పుండని చెప్పాం. ఇంటిల్లిపాదీ అదే మాట."

మాత్రలు అట్టల్లోంచి తీసి విటమిన్ సీసాలో పోసి ఇచ్చేవాడట బావ. ఇంతకీ అక్క ఏం ఉద్యోగం చేసేదంటే, ముప్పై ఏళ్లు ఆస్పత్రి మందుల కౌంటర్‌లో ఫార్మసిస్టు. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదేనేమో అనుకున్నాడు భూతద్దం. కానీ తమ్ముడి మొహంలో నవ్వు లేదు. అక్కకు ఏమీ తెలియదనే అతను ఇప్పటికీ నమ్ముతున్నాడు.

కూతురు డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. మధ్యాహ్నం 3 గంటల 15 నిమిషాలకు, ఒక క్లాసుకీ ఇంకో క్లాసుకీ మధ్య, ఆగి ఉన్న కారులోనే మాట్లాడింది. రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి.

"ఈ సంతకం ఎవరిది?"

"అమ్మది."

"పెడుతుంటే చూశారా?"

"లేదు."

"ఫారం ఎప్పుడు దొరికింది?"

"22న, తొమ్మిదింటికి. అమ్మ బట్టలకోసం ఇంటికెళ్లాను."

"ఎక్కడ దొరికింది?"

ఆమె వెనక అద్దం సరిచేసుకుంది.

"చూడమ్మా, ఫోర్జరీ కేసంటే మాటలు కాదు. ఈ ఉద్యోగం పోతుంది. లైసెన్సు కూడా పోవచ్చు."

"కేసు పెట్టుకోండి సార్. ఎక్కడ దొరికిందో మాత్రం చెప్పను."

మిగతాదంతా చెప్పింది. తల్లి నొప్పికి తువ్వాలు నోట్లో కుక్కుకుని పడుకునేదట, పక్కగదిలో ఉన్న మొగుడికి వినపడకూడదని. 20వ తేదీన ఇక చూడలేక, తండ్రితో పోట్లాడి, తానే కారులో ఎక్కించుకుని హాస్పిస్‌కి తీసుకెళ్లింది. అక్కడ మందు ఎక్కించిన గంటకు తల్లి పిల్లలా నిద్రపోయిందట. అలా నిద్రపోగా చూసి నెల దాటిందని చెబుతూ కూతురు మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ఆ రెండు రోజుల క్లెయిమ్ మీదే ఇప్పుడీ రభసంతా.

దొంగ ఎప్పుడూ ఎక్కడ దొరికిందో కథ అల్లి సిద్ధంగా పెట్టుకుంటాడు. చెప్పనని మొండికేసేవాళ్లు వేరే ఎవరినో కాపాడుతుంటారు. పాతికేళ్ల నౌకరీ నేర్పిన పాఠమది.

భూతద్దం ఆఫీసుకు తిరిగొచ్చి ఫారం మళ్లీ తీశాడు. అందరూ సంతకం ఉన్న పేజీనే చూశారు. అతను వెనక పేజీ తిప్పాడు. ప్రస్తుతం వాడుతున్న మందులు అనే గడిలో నాలుగు వరసలు. మొదటి వరసలో నొప్పి మాత్ర, దాని అసలు పేరుతో సహా. పది మిల్లీగ్రాములు, ఆరు గంటలకొకటి.

ఆస్పత్రికి ఫోన్ చేశాడు. 6వ తేదీన డాక్టర్ ఆ మాత్రను ముప్పై మిల్లీగ్రాములకు మార్చాడు. పాత చీటీ తీసేసుకుని కొత్తది రాసిచ్చాడు.

ఆ తర్వాత కంపెనీ హెల్ప్‌లైన్ రికార్డింగులు తెప్పించాడు. అంతకుముందు నెల 30వ తేదీ, మధ్యాహ్నం 2 గంటల 20 నిమిషాలు, పద్నాలుగు నిమిషాల కాల్. చనిపోయినామె గొంతు. రెండుసార్లు విన్నాడు. రెండోసారి వినాల్సిన అవసరం లేదు, అయినా విన్నాడు.

ఇక మిగిలింది కూతురు ఆ ఫారం పెట్టి తెచ్చిన కవరు. కంపెనీ తనే స్టాంపు ఖర్చు పెట్టుకుని పంపే రిప్లై కవరు అది. ఒక పక్క బ్లేడుతో కోసి, టేపు అంటించి ఉంది. మూల మీద బూడిదరంగు వేలిముద్ర, నూనె మరక. ముక్కు దగ్గర పెట్టుకు చూశాడు. వంటనూనె కాదు, బండి గ్రీజూ కాదు. అతి పల్చటి నూనె, వాచీల్లో వేసేది. చనిపోయినామె భర్త నలభై ఏళ్లుగా గడియారాలు బాగుచేస్తున్నాడు.

చివరగా ఆ ఇంట్లో పనిచేసే మనిషిని వీధి చివర కలిశాడు. ఆమె మాటతో కేసు తేలిపోయింది.

ఇక్కడితో ఊరుకుని, ఆఫీసులో కూర్చుని రిపోర్టు రాసేస్తే సరిపోయేది. కానీ భూతద్దానికి ఒక జబ్బు ఉంది. కేసు తేలగానే అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, మధ్యలో నిలబడి చెప్పాలి. పోలీసు రోజుల నాటి సరదా. మనిషికి కాస్త విద్య అబ్బితే దాన్ని నలుగురికీ చూపించుకోవాలనే దురద కూడా వెంటే అబ్బుతుంది.

29వ తేదీ సాయంత్రం 5 గంటలకు చనిపోయినామె ఇంటి ముందుగదిలో నలుగురు కూర్చున్నారు. గడియారాల పెద్దాయన, కూతురు, తమ్ముడు, క్లెయిమ్స్ మేనేజర్. పెద్దాయన వారంలో సగానికి సగం చిక్కిపోయాడు.

"సంతకం అసలుదే," అని మొదలుపెట్టాడు భూతద్దం. "3వ తేదీనే పెట్టారు."

మేనేజర్ రుజువు అడిగాడు. భూతద్దం వెనక పేజీ చూపించాడు. 22న ఎవరైనా దొంగ ఫారం రాస్తే, కళ్ల ముందున్న చీటీ చూసి ముప్పై మిల్లీగ్రాములని రాస్తారు. పది అన్నది 6వ తేదీకి ముందు మాట. సీసా మీద విటమిన్ అని ఉన్నా, లోపల ఏముందో మాత్ర రంగూ ఆకారమూ చూసి చెప్పగలిగే మనిషి ఈ ఇంట్లో ఒక్కరే.

"అంటే..." తమ్ముడు కుర్చీలో ముందుకు వంగాడు. "అక్కకి తెలుసా?"

"మొదటి నుంచీ తెలుసు. ఆవిడే మా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫారం తెప్పించుకున్నారు. పగలు పదకొండుకి వచ్చేలా పంపమన్నారు. మా ఆయన అప్పుడు షాపులో ఉంటారు, ఆయనకి తెలిస్తే తట్టుకోలేరు అన్నారు."

పెద్దాయన తలెత్తాడు.

"సార్, చాలు," అంది కూతురు. "ఫోర్జరీ కాదని తేలింది కదా. ఇక చాలు."

భూతద్దానికి ఆ మాట చెవిన పడింది, తలకెక్కలేదు. మాంచి ఊపులో ఉన్నాడు. 3వ తేదీ ఉదయం ఫారం వచ్చింది, ఆవిడ నింపింది, రిప్లై కవరులో పెట్టి అంటించింది. పోస్టులో వేయమని పనిమనిషికి చెప్పి గుమ్మం పక్క అలమరలో పెట్టింది. ఈ ఇంట్లో వచ్చే ఉత్తరాలూ పోయే ఉత్తరాలూ అన్నీ ఆ అలమరలోనే పెడతారు. పనిమనిషి సాయంత్రం చూస్తే కవరు లేదు. అయ్యగారే తీసుకెళ్లి వేసి ఉంటారనుకుంది.

"మధ్యలో మధ్యాహ్నం 1 గంట 10 నిమిషాలకి భోజనానికి మీరొచ్చారు," అని పెద్దాయన వైపు తిరిగాడు. "కవరు చూశారు. పైన మా కంపెనీ పేరు, కింద హాస్పిస్ విభాగం అన్న అచ్చు. చూడగానే తీసి దాచేశారు. అవునా?"

"దాచాను," అన్నాడు పెద్దాయన. "లోపలి గదిలో నా పనిబల్ల సొరుగులో పెట్టాను. కంపెనీవాళ్లు దానికి పంపారనుకున్నాను. ఆ మాట దాని కళ్లబడకూడదని..."

"విప్పి చూడలేదా?"

"చూడలేదు. చదవడానికి ధైర్యం చాల్లేదు."

"22న సొరుగులో కనబడితే కోసి చూసి, మళ్లీ టేపు వేసింది నేను," అంది కూతురు.

"అది మేం పంపింది కాదు. మాకు రావాల్సింది."

తమ్ముడు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. మేనేజర్ గొంతు సవరించుకుని కంప్లెయింట్ మాట విరమించుకున్నామన్నాడు. అయితే ఫారం చేరింది 22న 11:30కి గనక, రూలు ప్రకారం అంతకుముందు రోజులకు కంపెనీ ఏమీ ఇవ్వదని కూడా చెప్పాడు. పరామర్శ, తిరస్కారం ఒకే ఊపిరిలో అయిపోయాయి. బ్యాగు తీసుకుని లేచి వెళ్లిపోయాడు.

పెద్దాయన అతని వైపు కూడా చూడలేదు. చూపు భూతద్దం మీదే ఉంది.

"బాబూ, ఆ కవరు ఆ రోజే పోస్టులో పడి ఉంటే?"

అబద్ధం చెప్పడానికి అదొక్కటే అవకాశం. భూతద్దానికి అలవాటు లేదు.

"7వ తేదీకల్లా నర్సు మీ ఇంటికొచ్చేది."

పెద్దాయన వేళ్ల మీద లెక్కపెట్టాడు. ఏడు నుంచి ఇరవై దాకా. రెండు చేతులూ చాల్లేదు, మళ్లీ మొదటి వేలికొచ్చాడు.

"రోజూ అడిగేది," అన్నాడు. "మధ్యాహ్నం నేను గుమ్మంలో అడుగు పెట్టగానే. ఉత్తరం ఏమైనా వచ్చిందా అని. ఏమీ రాలేదే అని చెప్పేవాణ్ణి. మనసులో అనుకునేవాణ్ణి, అమ్మయ్య, దాచేశాను, దీనికి తెలీదు అని."

"ఆవిడ ఏమనేవారు?" అనవసరంగా అడిగాడు భూతద్దం. ప్రశ్నించే నోరు ఊరుకోదు.

"సరేలే, రేపు వస్తుందేమో అనేది."

ఆ తర్వాత ఆయన ఏడవలేదు. కూర్చున్న చోటే ముందుకీ వెనక్కీ ఊగుతూ, రేపు రేపు అని గొణుక్కోసాగాడు. తమ్ముడు లేచి, బావా బావా అంటూ భుజాలు పట్టుకున్నాడు. ఆయనకు ఆ స్పర్శ తెలిసినట్టు లేదు.

కూతురు భూతద్దాన్ని గుమ్మం దాకా సాగనంపింది. మర్యాద కోసం కాదు. తలుపు వెయ్యడానికి.

"మీకీ సంగతి నిన్ననే తెలుసా సార్?"

"నిన్న సాయంత్రమే తేలిందమ్మా."

"అయితే ఆఫీసులో మీ మేనేజర్‌కి చెప్పి ఉండొచ్చు కదా. ఇక్కడికొచ్చి, మా నాన్న ఎదురుగా ఎందుకు చెప్పారు?"

భూతద్దం నోరు తెరిచాడు. నలభై మంది దొంగల దగ్గర, నాలుగొందల మంది సాక్షుల దగ్గర జవాబులు రాబట్టిన మనిషి. ఒక్క జవాబు కోసం తడుముకున్నాడు. చివరికి చెప్పుల కోసం వంగాడు.

"జైలుకైనా వెళ్దామనుకున్నాను సార్," అంది ఆమె, తలుపు వేస్తూ. "మా నాన్నకి ఈ మాట చెప్పకుండా ఉంటే చాలనుకున్నాను."