మొదటి అయిదు వందల కిలోమీటర్లు

ఉదయం అయిదు యాభైకి కుమారస్వామి కూతురి కొత్త బైకు తీసుకుని హన్మకొండలోని ఇంటి నుంచి వెళ్లిపోయాడు. ఇంట్లో వాళ్లకు ఆ సంగతి ఆరున్నరకు తెలిసింది. అతని ఫోను కిటికీలో ఉంది. పక్కనే కంటి చుక్కల మందు ఉంది.

కుమారస్వామి ముప్ఫై ఏళ్లు మెకానిక్‌గా పనిచేశాడు. బజారులో ఎవరు కొత్త బండి కొన్నా ముందు అతని చేతికే ఇచ్చేవారు. కొత్త ఇంజను కుదురుకునేలా నలభై దాటకుండా, ఒకే వేగంలో ఉంచకుండా, పెంచుతూ తగ్గిస్తూ అయిదు వందల కిలోమీటర్లు నడిపి, ఆయిల్ మార్చి తిరిగి ఇచ్చేవాడు. రెండేళ్ల కిందట డాక్టరు బండి నడపొద్దన్నాడు. కళ్లలో నీటికాసులు, అంటే గ్లాకోమా. పోయిన చూపు తిరిగి రాదు.

ముందురోజు సాయంత్రం మానస ఆఫీసు నుంచి వచ్చి బైకు ఆపగానే అతను ఇంజను దగ్గర చెయ్యి పెట్టి చూశాడు.

"ఎనభై తోలినవ్ గదా బిడ్డా."

"ఇప్పటి ఇంజన్లకు గవన్నీ అక్కర్లేదు బాపూ. నీ కాలం అయిపోయింది," అంది మానస.

"గా మాటకే పోయిండు," అంది తల్లి యాకమ్మ ఇప్పుడు. "రాత్రి రెండు బుక్కలు గూడ తినలే."

"తాళం ఎందుకు దాయలేదమ్మా నువ్వు?"

"మొగుని దగ్గర తాళాలు దాసుడేందే? దొంగనా ఆయన?"

ఎనిమిది నలభైకి యాకమ్మ ఫోను మోగింది. ఆమె వాడేది కుమారస్వామి పాత మెకానిక్ షాపు నంబరు. అతనికి గుర్తున్నది అదొక్కటే.

"రఘునాథపల్లి రోడ్డు మీద హోటల్ నుంచి మాట్లాడుతాన," అంది అవతలి మనిషి. "మీ పెద్దాయనకు, బండికి ఏం కాలే. ఏడింటి సంది బెంచీ మీద కూసున్నడు, లేస్తలేడు."

మానస బస్సులో పదిన్నరకు చేరింది. బైకు స్టాండు మీద ఉంది. కుమారస్వామి దానివైపు తిరిగి కూర్చున్నాడు.

"బాపూ."

"మానసా? ఆఫీసుకు పోలేదా?"

"ఎట్ల పోత? బండి నీ దగ్గర."

"వచ్చేటప్పుడు పొద్దు ఎనుకకుండె. బండి మలిపినంక మొహం మీదికొచ్చింది. అంత తెల్లగయింది. రోడ్డు లేదు." అతను లేచాడు. "ఇగ పొద్దు పైకెక్కింది. నేనే తోల్త, పా."

మానస బైకుకు అడ్డంగా నిలబడింది. "మీటర్ల ఎంతున్నదో చెప్పు."

అతను వంగాడు. కళ్లద్దాలు తీసి తుడిచి పెట్టుకుని మళ్లీ వంగాడు.

"సప్పుడుతోని తోలిన," అన్నాడు. "నలభైకి ఇంజన్ ఎట్ల పలుకుతదో నాకెరుక. దాటలే."

"ఎదురుంగ లారీ వస్తే?"

"ఇంకేం చెయ్యమంటవ్ బిడ్డా? ఇంట్ల కూసోని బండి వస్తే వినుడు, పోతే వినుడు. దినమంత గదే పని."

హోటలామె రెండు చాయ్‌లు బెంచీ మీద పెట్టి లోపలికి వెళ్లింది. మానస ఒక గ్లాసు అతని చేతికిచ్చి, "నిన్న అట్ల అనకపోవాల్సింది బాపూ," అంది.

అతను తాళం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వు పో. అయిదొందలు అయ్యేదాక ఇద్దరు ఎక్కద్దు. నేను బస్సుల వస్త."

"బస్సు బోర్డు ఎవలు చదువుతరు?"

అతను వెనక ఎక్కాడు.

దారిలో అతని చెయ్యి ఆమె భుజం మీద ఉంది. వేగం పెరిగితే నొక్కాడు, తగ్గితే తట్టాడు. స్టేషన్ ఘన్‌పూర్ దాటేదాకా మానస కళ్లు తుడుచుకోలేదు. రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉన్నాయి.

పన్నెండు ఇరవైకి ఇల్లు చేరారు. యాకమ్మ గేటు తీసింది.

"మీటర్ ఎంతున్నది?" అని అడిగాడు కుమారస్వామి. మీటరు ఎప్పుడూ తనే చూసుకునేవాడు; ఆ మాట అతను అంతకుముందు ఎవరినీ అడగలేదు.

మూడు వందల యాభై ఎనిమిది అని మానస చదివి చెప్పింది.