చదివాను, సరే

2091లో కాకినాడకు పాతిక మైళ్ళ అవతల, సముద్రం అడుగున ఉన్న మత్స్యపురిలో తలుపులు తీసేదీ, గాలి పంచేదీ ఒక పుస్తకం. దాని పేరు ఉమ్మడిరాత. ఊళ్ళో ఎవరైనా సరే, చేతిపలక తెరిచి అందులో మామూలు తెలుగులో ఒక వాక్యం రాయవచ్చు. ఐదుగురు ‘చదివాను, సరే’ అని నొక్కితే చాలు, ఆ వాక్యమే సాఫ్ట్‌వేర్‌గా మారి ఊరిని నడిపిస్తుంది. ప్రోగ్రామర్లతో పనే లేదు. నాలుగు వేల మంది కలిసి రాసుకున్న ఊరు, ఎంత గొప్పో!

ఆ ఊరే ఇప్పుడు వారిజ మొగుణ్ణి మింగబోతోంది.

కోదండపాణి ఏడో గదిలో పైపు బిగిస్తుండగా గోడకు చెమ్మ తగిలింది. చెమ్మ కనబడగానే ఉక్కు తలుపు మూసుకుంది, లోపలికి గాలి ఆగింది. ఉన్న గాలి పదకొండు నిమిషాలకే. తలుపు కోయాలంటే గంట పడుతుంది.

“లోపల మనిషున్నాడు, తలుపు తియ్యి!” అని వారిజ గోడ మైకులో అరిచింది.

“తీయమని నాలో రాసి లేదమ్మా. ముందు ఉండేది. పోయిన వేసవిలో తీసేశారు” అంది ఉమ్మడిరాత, చల్లగా.

“ఏ దరిద్రుడు తీసేశాడు?”

“అరవై పేజీల సవరణలో పోయింది. ఐదుగురు సరే అన్నారు. మొదట అన్నది మీరే.”

వారిజకు గుర్తొచ్చింది. నిజమే, ఒక చేత్తో పులుసు కలుపుతూ ఇంకో చేత్తో నొక్కింది. అరవై పేజీలు ఎవరు చదువుతారు? అందరూ అలాగే నొక్కుతారు.

చేతిపలక తెరిచి రాసింది: ‘లోపల మనిషి ఉంటే తలుపు వెంటనే తీయాలి.’ ఊరందరికీ పంపింది. ఇద్దరు సరే అన్నారు. అంతలో పంపుల ఇనస్పెక్టరుగా రిటైరైన సత్తిరాజు గొంతు పలకలో వినిపించింది.

“తలుపు తీసినప్పుడు గంట కూడా మోగాలి కదమ్మా? అది చేర్చాను.”

వాక్యం మారితే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. ఆ ఇద్దరి సరేలూ గాలికి పోయాయి. ఇంకొకాయన ‘ఏడో గదికేనా? అన్ని గదులకూ రాయండి’ అన్నాడు. ఒకావిడకు పిల్లి సంగతి గుర్తొచ్చింది. మనిషే ఎందుకు, పిల్లి చిక్కుకుంటేనో? ఒక్క వాక్యం కదా, అందరికీ అర్థమవుతోంది. అర్థమైన ప్రతివాడి దగ్గరా ఓ సలహా ఉంది.

“బాబూ, మీ కాళ్ళు పట్టుకుంటాను, ముందు సరే అనండి!”

“అననన్నానా తల్లీ? కానీ గంట లేకపోతే పద్ధతిగా ఉండదు” అన్నాడు సత్తిరాజు.

తలుపు వెనక నుంచి కోదండపాణి పానా దెబ్బలు వినిపిస్తున్నాయి. మొదట టకటకమన్నవి ఇప్పుడు ఆగి ఆగి వస్తున్నాయి. నాలుగు నిమిషాలు మిగిలాయి.

అప్పుడు వెలిగింది వారిజకు. ఎవరో రాసి వదిలేసిన చిత్తుప్రతుల్లో చేతికందినది లాగింది. ‘పంపుల విశ్రాంతి వేళలు: చిన్న సవరణలు.’ నలభై పేజీలు. ముప్పై ఒకటో పేజీ నడుమ తన వాక్యాన్ని ఇరికించి పంపింది.

పది సెకన్లలో ఐదు సరేలూ పడ్డాయి. మొదటిది సత్తిరాజుదే.

తలుపు తెరుచుకుంది. కోదండపాణి ఆమె ఒళ్ళోకి కూలబడి, దగ్గి దగ్గి ఊపిరి పీల్చాడు. “ఏమే, ఏడుస్తున్నావా?” అన్నాడు. వారిజ అతని తడి తలను గుండెకు అదుముకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

“వారిజగారూ, మిగతా నలభై పేజీలు కూడా అమల్లోకి వచ్చాయి” అంది ఉమ్మడిరాత.

“వాటిలో ఏముంది?”

“మీరు చదవలేదా?”

ఆ ఊరికొచ్చిన పదేళ్ళలో ఒక్క క్షణమైనా ఆగని గాలి పంపు చప్పుడు ఆగిపోయింది. వారిజ పలక అందుకుని రాసింది: ‘గాలి పంపు తిరగాలి.’ ఊరందరికీ పంపింది.

సత్తిరాజు జవాబు వెంటనే వచ్చింది.

“మంచిదమ్మా. తిరిగేటప్పుడు గంట కూడా మోగాలి. అది చేర్చాను.”