అవతలి వైపు తోలు కింద

మా ఊళ్ళో మూస్‌ని, అంటే గుర్రమంత ఎత్తుండే మంచు అడవుల దుప్పిని, కోసే షెడ్డు వాగు పక్కన ఉంటుంది. సిమెంటు నేల, పైన ఇనుప కొక్కేలు, మూలన ఒక ఇనుప పొయ్యి, దాని మీద ఎప్పుడూ కాఫీ. మా వేట బృందంలో ఏడుగురం. తుపాకులు ఏడుగురికీ ఉన్నాయి గానీ, తోలు కింద గుండు వెతికే పని మాత్రం ముప్పై ఏళ్ళుగా నాదే.

బొటనవేలితో వెతకాలి. మంచి గుండు ఒక పక్క నుంచి దూరి, ఎముక విరిచి, ఊపిరితిత్తులు దాటి, అవతలి వైపు తోలు దాకా వచ్చి అక్కడ ఆగిపోతుంది. మూస్ తోలు సాగుతుంది, అంత తేలిగ్గా చిరగదు. పైనుంచి నొక్కుకుంటూ వెళ్తే గోలీకాయంత గట్టిగా ఒకచోట వేలికి తగులుతుంది. అక్కడ చిన్న గాటు పెడితే బయటికి జారుతుంది. ముందు భాగం పుట్టగొడుగులా విచ్చుకుని ఉంటుంది.

దాన్ని కడిగి మా తమ్ముడు హిల్డింగ్ చేతిలో పెడతాను. వాడి దగ్గర మందుల కొట్లో ఉండేలాంటి చిన్న త్రాసు ఉండేది. గుండు ఎంత బరువుతో వెళ్ళింది, ఎంత మిగిలింది అని తూచి, చీటీ మీద కాల్చినవాళ్ళ పేరు, బరువు రాసి, దాన్ని ఆ చీటీలోనే చుట్టి షెడ్డులోని నీలం రేకు డబ్బాలో వేసేవాడు. కోడి గెలికినట్టుండే రాత. అందరికీ పేర్లు రాసేవాడు. నాకు మాత్రం ఉత్త "అక్క" అని రాసేవాడు. అరవై ఏళ్ళు దాటినా ఆ అలవాటు పోలేదు.

పోయిన ఏడాది వేసవంతా వాడు వంటింటి బల్ల మీద కూర్చుని కొత్త తూటాలు తయారు చేసుకున్నాడు. తేలిక గుండ్లు, పల్చటి రాగి తొడుగు, విపరీతమైన వేగం. కాగితం మీద అయిదు గుండ్లు కొట్టి, ఆ అయిదు చిల్లుల మీదా ఒకే ఒక్క నాణెం పెట్టి మూసి చూపించాడు.

"కాగితానికి భుజం ఎముక ఉండదురా," అన్నాను. "అది మూస్. ఆ ఎముక మీద పడితే నీ గుండు పిండైపోతుంది."

"నీ తుపాకీ లాగే నువ్వూ ముసలిదానివైపోయావక్కా. ఒక్కో గుండు పద్దెనిమిదిన్నర గ్రాములు! మూస్‌ని కొడతావా, రైలింజన్ని కొడతావా?"

షెడ్డంతా నవ్వారు. మా బృందం పెద్ద బెర్టిల్ మా వైపు అలవాటు ప్రకారం కాఫీలో జున్నుముక్క వేసుకుంటూ, "పందెం కాద్దాం. హిల్డింగ్ గుండు ముక్కలైతే ఈ ఏడాదంతా షెడ్డు వాడే కడగాలి," అన్నాడు. మళ్ళీ నవ్వులు. వాడూ నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి. అది నేను చూశాను.

నవంబరు మొదటి శనివారం, మధ్యాహ్నం రెండింటికి వాడి మంచె వైపు నుంచి ఒక్క కాల్పు వినపడింది. మాలో ఎవరు కాల్చినా వాకీటాకీలో మూడు మాటల్లో ఒకటి చెప్పాలి. పడింది. తగిలింది. తప్పింది. 'తగిలింది' అంటే నేను కుక్కను తీసుకుని బయల్దేరాలి, గాయపడ్డ జంతువును ఎంత రాత్రయినా వదలకూడదు.

చాలాసేపటికి హిల్డింగ్ గొంతు.

"తప్పింది."

తప్పింది అన్నా సరే, కుక్కను పెట్టి చూడాలన్నది మా నియమం. అది అందరికీ నూరిపోసింది నేనే. కానీ ఆ రోజు నా బూట్లలో నీళ్ళు, మోకాళ్ళు పట్టేశాయి, బెర్టిల్ ఇంట్లో మాంసం సూప్ సిద్ధంగా ఉందన్నారు. "వెంట్రుక గానీ, రక్తం గానీ ఉందేమో చూశావా?" అని అడిగాను. "ఏమీ లేదక్కా," అన్నాడు. తమ్ముడే కదా అని నమ్మాను. నిజం చెప్పాలంటే, నమ్మడం ఆ సాయంత్రం నాకు సుఖంగా ఉంది కాబట్టి నమ్మాను.

తొమ్మిది రోజుల తర్వాత, సోమవారం పొద్దున ఫోన్ చేశాడు. "అక్కా, ఒకసారి రా. షిల్లాని కూడా తీసుకురా."

షిల్లా నా కుక్క. బూడిదరంగుది, తొమ్మిదేళ్ళది. ఎప్పుడూ వాడి మీదికెక్కి ముఖం నాకేది. ఆ రోజు వాడి గుమ్మం ముందే ఆగిపోయి, ముక్కు పైకెత్తి గాలి పీల్చింది. లోపలికి రమ్మంటే రాలేదు.

హిల్డింగ్ వంటింట్లో కూర్చున్నాడు. ఎడమ చెయ్యి ఒళ్ళో వేలాడుతోంది. ఆకుపచ్చ స్వెట్టరు. ఇల్లంతా నొప్పికి రాసుకునే కర్పూరం నూనె వాసన. వారంలో పదేళ్ళు పైబడ్డట్టు ఉన్నాడు.

"భుజం. ఆ శనివారం రాత్రి మొదలైంది," అన్నాడు. "శుక్రవారం ఆసుపత్రికి వెళ్ళి ఎక్స్‌రే తీయించుకున్నాను. డాక్టరమ్మ తెర మీద చూపించింది. ఎముక చుట్టూ తెల్లటి చుక్కలక్కా. పిండి చల్లినట్టు. నిన్ను ఎప్పుడు కాల్చారు అని అడిగింది."

"ఎవరు కాల్చారు?"

వాడు కుడిచేత్తో స్వెట్టరు పక్కకి లాగి చూపించాడు. భుజం మీద గీత కూడా లేదు. తర్వాత అగ్గిపెట్టె ఒకటి నా ముందుకు తోశాడు. తెరిచాను. చిటికెడు వెంట్రుకలు, బూడిద గోధుమ రంగువి, కత్తెరతో కత్తిరించినట్టు సమానంగా తెగినవి. గుండు దూరినచోట వెంట్రుకలు అలాగే తెగుతాయి. వాటితోపాటు గోరంత ఎముక ముక్క. భుజం ఎముక.

నాకు ఒళ్ళు మండిపోయింది. "తెలిసీ తప్పింది అన్నావా? ఎందుకురా?"

"నవ్వుతారని."

అంతే. నవ్వుతారని. తొమ్మిది రోజులుగా ఒక జంతువు విరిగిన భుజంతో అడవిలో తిరుగుతోంది. వాడి చెంప పగలగొట్టాలనిపించింది. కానీ ఆ చెంప మీద చెమట చూసి చెయ్యి లేవలేదు.

"అది బతికే ఉందక్కా," అన్నాడు చిన్నగా. "అది పడుకుంటే నాకు ఎముక నలుగుతుంది. లేచి నడిస్తే లోపల అన్నీ కదుల్తాయి. దాన్ని వెతుకు. చీకటి పడేలోగా దాని బాధ తీర్చెయ్. ఇంకో రాత్రి నావల్ల కాదు."

జ్వరం మాటలనుకున్నాను. అయినా జంతువు సంగతి నిజం. వాకీటాకీ ఒకటి వాడి బల్ల మీద పెట్టి, ఇంకోటి జేబులో వేసుకుని బయల్దేరాను. తుపాకీలో నా బరువు గుండ్లు వేసుకున్నాను. అప్పటికి పన్నెండు. నవంబరులో మాకు మూడింటికే చీకటి.

తొమ్మిది రోజుల పాత జాడ. మధ్యలో రెండుసార్లు మంచు పడింది. ఏ కుక్కకీ దొరకదు. మంచె దగ్గర షిల్లా మెడకి పొడుగు తాడు కట్టి, ఊరికే నేల చూపించాను.

అది తల దించింది. వెంటనే లాగింది.

ఇరవై అడుగులు వెళ్ళాక రక్తం కనపడింది. మంచు కింద కాదు, మంచు పైన. నిన్న రాత్రి పడ్డ మంచు మీద ఎర్రగా, ఇంకా గడ్డకట్టకుండా. గిట్టల గుర్తుల్లో ముందు ఎడమది ఈడ్చుకుంటూ పోయిన గీత. నాకు కాస్త ధైర్యం వచ్చింది. బతికున్న జంతువు, అసలైన జాడ, నాకు తెలిసిన పని.

బురదనేల దాటాం. సూదుల్లాంటి ఆకులుండే స్ప్రూస్ చెట్ల కిందికి వెళ్ళేసరికి వెలుగు సగమైంది. అక్కడ అది పడుకున్న చోటు కనపడింది. మంచు కరిగి పెద్ద గుంట పడింది. గ్లవ్ తీసి చెయ్యి పెట్టాను.

వెచ్చగా ఉంది.

వంగి వాసన చూశాను. తడి వెంట్రుకల వాసన, రక్తం వాసన. వాటి వెనక ఇంకో వాసన. ఇందాకే పీల్చిన వాసన... కర్పూరం నూనె.

మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయాను. జేబులో వాకీటాకీ గరగరమంది.

"ఇప్పుడే లేచింది కదూ," అన్నాడు హిల్డింగ్ గుసగుసగా.

"నీకెలా తెలుసు?"

ఊపిరి మాత్రం వినపడుతోంది. బరువుగా, తడిగా, చివర చిన్న గురకతో. వాడు మీట మీద వేలు తీయడం మర్చిపోయాడనుకున్నాను. కట్టేద్దామని చెయ్యి జేబులో పెట్టాను. కట్టేశాను.

ఊపిరి ఆగలేదు.

అది చెట్ల మధ్య నుంచి వస్తోంది. ముందు నుంచి. ముప్పై అడుగులుంటుందేమో. అదే బరువు, అదే తడి, చివర అదే గురక... నాకు భయం వేసింది. ముప్పై ఏళ్ళలో అడవిలో నాకు భయం వేయడం అదే మొదలు. వెనక్కి పోదామనుకున్నాను. కానీ షిల్లా లాగుతోంది. చీకటి పడేలోగా అన్న మాట చెవిలో ఉంది. వాకీటాకీ మళ్ళీ వేశాను.

జాడ వాగు వెంట తిరిగింది. రోడ్డు దాటింది. ఊరి వైపు. గాయపడ్డ మూస్ ఇళ్ళ వైపు రాదు. ఇది వచ్చింది. ఆవిరి స్నానాల సౌనా గది వెనకగా, కట్టెల షెడ్డు పక్కగా... ఆ కట్టెలు పేర్చింది ఎవరో నాకు తెలుసు. పోయిన నెల నేనూ ఒక చెయ్యి వేశాను.

హిల్డింగ్ ఇల్లు.

షిల్లా నిలబడిపోయి మొరగడం మొదలుపెట్టింది. ఆగి ఆగి, ఒకే తీరుగా. ఎదురుగా మూస్ నిలబడితే తప్ప అది అలా మొరగదు.

పెరట్లో, మట్టిదిబ్బ ముందు నిలబడి ఉంది. పెద్ద మగది. ఎడమ భుజం కుళ్ళి నల్లబడి, కాలు వేలాడుతోంది. పరిగెత్తలేదు. నా వైపు తిరగలేదు. పక్కకి నిలబడి, గాయం నాకు కనపడేలా ఉంది.

వంటింటి కిటికీలో దీపం వెలుగుతోంది. హిల్డింగ్ వీపు కనపడుతోంది. ఆకుపచ్చ స్వెట్టరు, ముందుకు వంగిన తల. వాడు లోపలున్నాడు. అది బయటుంది. రెండుసార్లు చూశాను. నన్ను నేను నమ్మించుకోడానికి మూడోసారి కూడా చూశాను. గుండు దారిలో ఇల్లు లేదు, వెనక దిబ్బ ఉంది. ఏ తప్పూ లేని కాల్పు.

తుపాకీ ఎత్తాను.

"కాల్చక్కా," అంది జేబు.

"ఒరేయ్... నువ్వు లోపలే ఉన్నావు కదూ?"

"కాల్చు. ఓర్చుకోలేను."

కాల్చాను.

గుండు తగిలిన చప్పుడు వినపడింది. తడి దుప్పటిని బండకేసి కొట్టినట్టు. మూస్ ఒక్కసారి నడుం వంచి, రెండడుగులు వేసి, కట్టెల షెడ్డు వెనక్కి వెళ్ళింది. కూలిన శబ్దం వచ్చింది. షిల్లా మొరగడం ఆపేసింది.

షెడ్డు వెనక్కి పరిగెత్తాను.

ఏమీ లేదు. మంచు మీద గిట్ట గుర్తు లేదు. రక్తం లేదు. వచ్చిన దారి చూశాను. నా బూట్ల గుర్తులు, కుక్క గుర్తులు... అంతే.

వంటింట్లోకి వెళ్ళేసరికి హిల్డింగ్ తల బల్ల మీద ఉంది. కుడిచేతిలో వాకీటాకీ. కళ్ళు మూసుకుని ఉన్నాయి. ముఖంలో నొప్పి లేదు. మెడ మీద వేళ్ళు పెట్టి చూశాను. ఊపిరి కోసం చెవి పెట్టాను. ఏమీ వినపడలేదు. ఆ స్వెట్టరు మీద ఒక్క చిల్లు లేదు. ఎడమ భుజం మీద మాత్రం చిటికెడు వెంట్రుకలు, సమానంగా తెగినవి.

అప్పుడు వాడి చేతిలోంచి నన్ను పిలుస్తూ బెర్టిల్ గొంతు. "యోర్డిస్, కాల్పు వినపడింది. ఏమైంది?"

మూడు మాటలున్నాయి నాకు. పడింది అంటే తాళ్ళు, కత్తులు పట్టుకుని అందరూ వస్తారు. తగిలింది అంటే వెతకడానికి వస్తారు.

"తప్పింది," అన్నాను.

గుండె ఆగింది అన్నారు డాక్టర్లు. ఒంటి మీద గాయమే లేనప్పుడు వాళ్ళు మాత్రం ఏమంటారు. మా అమ్మ వాళ్ళమ్మని కడిగినట్టే నేనూ నా తమ్ముణ్ణి కడిగాను. ఎవర్నీ లోపలికి రానివ్వలేదు. కుడివైపు, చంక కింద, పక్కటెముకల మీద గుడ్డతో తుడుస్తున్నప్పుడు నా బొటనవేలు దానంతటది ఆగింది. ముప్పై ఏళ్ళ అలవాటు.

చర్మం కింద, గోలీకాయంత. గట్టిగా.

గాటు పెట్టలేదు. ఎలా పెట్టను? ఏడ్చుకుంటూ చొక్కా తొడిగాను. ఎవరికీ చెప్పలేదు. వాణ్ణి అలాగే పాతిపెట్టాం.

ఈ సెప్టెంబరులో వేట మొదలవక ముందు షెడ్డు శుభ్రం చేద్దామని తాళం తీశాను. తాళంచెవి అప్పట్నుంచీ నా మెడలోనే ఉంది. హిల్డింగ్ పోయాక గుండ్లు తూచేవాళ్ళు లేరు, డబ్బా ఎవరూ ముట్టుకోలేదు. రేకు మూత మీద దుమ్ము అలాగే ఉంది. మూత తీశాను.

అన్నిటికన్నా పైన ఒక చీటీ. తెల్లగా, కొంచెం తడిగా. విప్పాను. బరువు గుండు, పుట్టగొడుగులా చక్కగా విచ్చుకుంది, పెద్దగా ఏమీ పోలేదు. చీటీ మీద పదిహేడుంపావు గ్రాములు అని ఉంది. దాని పైన కోడి గెలికినట్టు, "అక్క".

షెడ్డులో పొయ్యి ఇంకా వెలిగించలేదు. బయట ఈసారి తొందరగానే తొలి మంచు కురుస్తోంది. నా అరచేతిలో గుండు వెచ్చగా ఉంది.