సేఫ్టీ వాల్వ్ ఇంకా బల్ల మీదే ఉంది

శశాంక్ కన్నా ముందు ఆ ఆక్సిజన్ ప్లాంట్‌లోకి వెళ్లిన ఏజెంట్ శవమై బయటికొచ్చాడు. పోలీసులు యాక్సిడెంట్ అని రాసుకున్నారు. వాళ్ల గూఢచారి డిపార్ట్‌మెంట్ నమ్మలేదు.

వరంగల్ మట్టెవాడలో ఒక గాజుల దుకాణం. శశాంక్ కౌంటర్ ముందు నిలబడ్డాడు.

"నల్లగాజులు ఉన్నయా?"

"పగిలినయే మిగిలినయి."

కోడ్ కలిసింది. దుకాణం నడుపుతున్న మనిషి చీఫ్ సుకన్య. లోపలి గదిలోకి తీసుకెళ్లి, కూర్చోమని కూడా అనకుండా బ్రీఫింగ్ మొదలుపెట్టింది.

"వరంగల్ చుట్టుపక్కల దవాఖానలకు ఆక్సిజన్ ఆ ప్లాంట్ నుంచే పోతది. దాన్ని పేల్చాలని ఒక విదేశీ ముఠా చూస్తాంది. యాక్సిడెంట్ లెక్క కనవడాలని వాళ్ల ప్లాన్. ముఠాల మన డబుల్ ఏజెంట్ ఉంది, మౌనిక. సాఫ్ట్‌వేర్ ట్రైనర్ వేషంల అక్కడనే ఉంటది."

"నా వేషం?"

"మెయింటెనెన్స్ కోఆర్డినేటర్. ప్రతి రిపేర్‌కు కంప్యూటర్ల వర్క్ ఆర్డర్ తెరిపియ్యాలె. పని అయినంకనే క్లోజ్ చేపియ్యాలె. ఆర్డర్ ఓపెన్ ఉన్నంతసేపు ఆ మెషిన్ స్టార్ట్ కాదు, నడుస్తాంటే ఆగిపోతది. మనకున్న తాళం అదొక్కటే."

"ముఠా నుంచి ప్రమాదం ఎంత?"

"ముఠా సంగతి తర్వాత. ముందుగాల టెక్నీషియన్లే నిన్ను బతకనియ్యరు."

చీఫ్ అన్నంతా అయింది. ప్లాంట్‌లో శశాంక్ మొహం కనబడితే చాలు, జనానికి ఒళ్లు మండేది. బండి టైర్లలో గాలి తీశారు. చాయ్ అందరికీ వచ్చేది, అతనికి తప్ప. సూపర్‌వైజర్ ఓంప్రకాశ్‌ది తొర్రూరు. ఆయనైతే మొహం మీదే తిట్టేవాడు.

"నేను రెంచ్ పట్టుకోవాల్నా, నీ కంప్యూటర్ కొట్టుకుంట కూసోవాల్నా?"

శశాంక్‌కు కూడా ఆయనను చూస్తే అంతే మంట. ముఖ్యంగా నెలాఖరులో. నెలాఖరు రాగానే టెక్నీషియన్లంతా తమ పాస్‌వర్డ్‌లు ఓంప్రకాశ్ చేతిలో పెట్టేవారు. అయిన పని, కాని పని అని చూడకుండా ఆయన ఆర్డర్లన్నీ క్లోజ్ చేసేసేవాడు. హెడ్డాఫీసులో స్క్రీన్ పచ్చగా కనబడితే అందరికీ నెమ్మది. అది తప్పని అక్కడ ఎవరికీ తోచలేదు.

ఆ పొద్దున వర్క్‌షాప్‌లో అడుగుపెట్టగానే శశాంక్ ఆగిపోయాడు. ప్రెషర్ పెరిగితే బయటికి వదిలే పెద్ద ట్యాంక్ సేఫ్టీ వాల్వ్ విప్పిన ముక్కలుగా బల్ల మీద పడి ఉంది. ట్యాబ్‌లో దాని వర్క్ ఆర్డర్ చూశాడు. పని పూర్తయింది, క్లోజ్.

అప్పుడే స్టార్టింగ్ సైరన్ మోగింది. ఓంప్రకాశ్, ఆయన మనుషులు కంప్రెసర్ రూమ్‌లో ఉన్నారు. ఆక్సిజన్ దగ్గరికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. పరుగెత్తి చెప్పేంత టైం లేదు.

"ట్యాబ్ కింద పెట్టండి."

గుమ్మంలో మౌనిక. పట్టుచీర, ఖరీదైన సెంటు, చేతిలో బుల్లి పిస్టల్.

"నువ్వా క్లోజ్ చేసింది?"

"నాకెందుకా శ్రమ? నెలాఖరు కదా, ఓంప్రకాశే చేశాడు. నేను వాల్వ్ విప్పించి, ఆ చోట మూత వేయించి, మెషిన్‌ను ఆపే ప్రెషర్ లిమిట్ మాత్రం తీసేశాను. మీ చీఫ్ నన్ను మీ మనిషి అనుకుంది. మీకన్నా ముందొచ్చినవాడూ అలాగే అనుకున్నాడు."

కంప్రెసర్ హోరు మొదలైంది. గోడ మీది స్క్రీన్‌లో ప్రెషర్ పైకి పాకుతోంది. శశాంక్‌కు భయమేసింది, తన ప్రాణం కోసం కాదు. తనకు చాయ్ ఇవ్వని ఆ మొండి మనుషులంతా ట్యాంక్ పక్కనే ఉన్నారు.

ట్యాబ్ బల్ల మీద పెట్టాడు. ఆసరా కోసం అన్నట్టు ఎడమచెయ్యి వాల్వ్ మీద ఆనించాడు. ఆ చేతికున్న వాచీ డిపార్ట్‌మెంట్‌ది. దానికి ఏ పార్టు మీది క్యూఆర్ స్టిక్కర్ చూపించినా, ఆ పార్టుతో నడిచే మెషిన్ మీద బ్రేక్‌డౌన్ ఆర్డర్ తెరుచుకుంటుంది. ప్రతి పార్టుకూ స్టిక్కర్ అంటించడానికి అతను నెలల తరబడి తిట్లు తిన్నాడు. వాచీ ఒక్కసారి వణికింది.

ప్రెషర్ ఎర్రగీతను దాటుతుండగా హోరు ఆగిపోయింది.

మౌనిక మొహం మాడిపోయింది. "ఏం చేశావ్?"

"ఆర్డర్ ఓపెన్ చేసిన."

ఆమె పిస్టల్ ఎత్తింది. ఆమె వెనక నుంచి ఓంప్రకాశ్ కేక వినబడింది.

"మళ్ల ఏం లాక్ చేసినవ్ బే? ఇయ్యాల నిన్ను..."

శశాంక్‌ను కొట్టడానికే రెంచ్ పట్టుకుని వచ్చాడాయన. పిస్టల్ చూశాడు. బల్ల మీది వాల్వ్ చూశాడు. తాను క్లోజ్ చేసిన ఆర్డర్ గుర్తొచ్చింది. మరుక్షణం రెంచ్ మౌనిక మణికట్టు మీద పడింది. తూటా పోయి సీలింగ్ ఫ్యాన్‌కు తగిలింది.

మధ్యాహ్నానికల్లా ముఠా అంతా కాశిబుగ్గలో ఒక అద్దె ఇంట్లో దొరికింది. వెంటనే వచ్చేయమని సుకన్య ఫోన్ చేసింది. శశాంక్ బ్యాగు సర్దుకుంటుంటే ఓంప్రకాశ్ అడ్డంగా నిలబడ్డాడు. థాంక్స్ అనే అలవాటు ఆయనకు లేదు.

"నువ్వు పోతే గీ ఆర్డర్ ఎవడు క్లోజ్ చేస్తడు? స్క్రీన్ ఎర్రగ కనవడ్తాందని హెడ్డాఫీసోళ్లు నా పానం తీస్తాండ్లు."

"వాల్వ్ బిగిచ్చినోడు చేస్తడన్నా. బిగిచ్చినంక."

ఓంప్రకాశ్ ఒక బూతు మాట గొణిగాడు. మౌస్ దాకా పోయిన చెయ్యి వెనక్కి తీసుకుని, స్పానర్ అందుకున్నాడు.