నిద్రపుచ్చే సూది

ఆ ఉదయం కూడా వదిన డ్యూటీకి పోతూ దారిలో తమ్ముడింట్లో ఆగింది. ఆస్పత్రిలో హెడ్ నర్సు. ఆవిడ చెప్పుల చప్పుడు వినబడితే వీధి చివర కుక్క సైతం తన జ్వరం దాచుకుని బుద్ధిగా కూర్చుంటుందని తమ్ముడే చెప్పుకుంటాడు.

"రా పిల్లా, పొట్ట చూపించు. నా బస్సు పోతుంది," అంటూ ఫ్రిజ్‌లోంచి మందు తీసింది.

తమ్ముడి పెళ్లామైన మరదలు కుట్టుమిషను ముందునుంచి లేవలేదు. పిల్లల కోసం ట్రీట్‌మెంటు మొదలయ్యాక రోజూ ఈ సూదే. ఒళ్లేమో పొయ్యిలా ఆవిర్లు కక్కుతోంది. నిన్న ఖాళీ డబ్బా పారేస్తుంటే ఎదురింటి ముసలాయన చూసి నోరు తెరిచాడు.

"ఇది నా మందేనమ్మాయ్! ప్రొస్టేట్ క్యాన్సరుకి, ఒంట్లో మగ హార్మోను ఆపడానికి ఇస్తారు. నీకెందుకూ?"

అంతే. రాత్రికి రాత్రి ఆమెలో అనుమానం మూడంతస్తులు లేచి, పైన నీళ్ల ట్యాంకు కూడా కట్టుకుంది. 'మీకు లేకపోతేనేం, నా చిన్నాణ్ణి పెంచుకోండి' అని ఈ వదినేగా అన్నది!

"సూది వద్దు," అంది.

"ఏం?"

"హార్మోను ఆపే మందు నాకెందుకు పొడుస్తున్నావు వదినా? నాకు బిడ్డ పుట్టకపోతే ఈ ఇల్లు నీ చిన్నాడికొస్తుందనా?"

వదిన చేతిలో దూది జారింది. స్నానానికి పోబోతున్న తమ్ముడు తువ్వాలుతో అక్కడే స్తంభమయ్యాడు.

"నువ్వు దీనికేం చెప్పలేదురా?"

"చెబుదామనే అక్కా..."

వదిన కుర్చీలో కూలబడింది. అయినా నర్సు నర్సే.

"నిజమే, ఆపడానికే. మెదడు కింద బఠాణీ గింజంత గ్రంథి ఉంటుంది, ఒంట్లో ఆడ, మగ హార్మోన్లకి ఆజ్ఞలిచ్చేది అదే. పైన మెదడు నుంచి దానికి ఒక హార్మోను ఆగి ఆగి, కాస్త కాస్త వస్తే అది పనిచేస్తుంది. హార్మోనును అందుకోడానికి దాని కణాల మీద రిసెప్టర్లుంటాయి. మనం సందివ్వకుండా ఆ హార్మోనుకి నకలైన ఈ మందు పోస్తే కణం వాటిని లోపలికి లాగేసుకుంటుంది, కొన్నిటిని అరిగించేసుకుంటుంది. ఇక ఎంత పోసినా అందుకునేవాడుండడు. గ్రంథి నిద్రపోతుంది."

"నిద్రపోతే బిడ్డెలాగ?"

"మెలకువగా ఉంటే డాక్టరు తీసేలోపే అండాలు విడుదలైపోతాయి. అందుకని దీన్ని పడుకోబెట్టి, వేరే సూదులతో అండాలు పెంచుతారు. మందు ఆపాక కణం మళ్లీ రిసెప్టర్లను పైకి తెచ్చుకుంటుంది. ముసలాయనది లేపకూడని నిద్ర, నీది లేపే నిద్ర. ఇవాళ మానేస్తే ఇన్నాళ్ల పాట్లూ నీళ్లపాలే."

మరదలు మొగుడి వైపు తిరిగింది. "నా దగ్గరెందుకు దాచావు?"

"నువ్వు స్కానింగు గదిలో ఉన్నప్పుడు డాక్టరు చెప్పారు. హార్మోను ఆపేస్తారంటే ఏడుస్తావని..."

"ఇప్పుడు నవ్వుతున్నానా?"

వదిన కళ్లు ఒత్తుకుంది. "ఈసారీ కడుపు నిలవలేదని నువ్వు అన్నం మానేసినరోజు, ఇవ్వడానికి నా దగ్గర అంతకన్నా పెద్దది లేక, చిన్నాణ్ణి ఇస్తానన్నానే. ఇంటి మీద ఆశతో కాదు."

మరదలు లేచింది. వెళ్లి వదిన ఒళ్లో తలపెట్టుకుని, ఇన్నాళ్లూ దిగమింగిన ఏడుపంతా ఏడ్చింది. వదిన సూది అందుకోబోతే ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. బస్సు ఎప్పుడో పోయింది.

"ఇటివ్వు వదినా. నేనే పొడుచుకుంటా. ఎక్కడో చూపించు."

వదిన వేలు పెట్టి చోటు చూపించింది. సూది సాఫీగా దిగింది.

గోడవైపు తిరిగి కళ్లు మూసుకున్న తమ్ముడు, "అయిపోయిందా?" అన్నాడు.

"నీ సంగతి ఇప్పుడే మొదలైంది," అన్నారు ఆడవాళ్లిద్దరూ.