మూడో వారంలో రాలే జుట్టు

పూర్వం ఇస్తాంబుల్ మీదికి సైన్యాలు దండెత్తి వచ్చేవి. ఇప్పుడు బట్టతలలు వస్తున్నాయి. సెప్టెంబరు పన్నెండో తేదీ ఉదయం అలా వచ్చిన వాటిలో ఒకటి నెజహత్ ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర, టై కట్టుకుని, ఆలివ్ గింజలను పళ్ళెం అంచున ప్రార్థనా సమావేశంలో పిల్లల్లా వరసగా నిలబెడుతూ కూర్చుని ఉంది. ఆ తల ఆమె అన్నయ్య ముహ్లిస్‌ది. తొకాత్ పట్టణంలో ఇరవై ఆరేళ్ళు ప్రధానోపాధ్యాయ పదవిని అలంకరించి విరమించిన ఆ మహనీయుడు టీ అడిగినా జెండా ఎగరేసి ఉపన్యసించినట్టే ఉండేది.

"చెల్లెమ్మా, ఇంతటి శుభదినాన టీ ఇంకాస్త చిక్కగా ఉండుంటే బాగుండేది."

"చిక్కటి టీ తాగితే రక్తం ఎక్కువ కారుతుందంటారు. పలచగానే తాగన్నయ్యా. ఆ టై కూడా విప్పెయ్యి. ఆసుపత్రిలో ఎనిమిది గంటలు పడుకోవాలి."

"పడుకున్నా మనిషికి ఓ పద్ధతంటూ ఉండాలి." అతడు మేనకోడలి వైపు తిరిగాడు. "చూశావా ఇల్గిన్, మీ అమ్మ మాటలు అచ్చం డాక్టరమ్మ మాటల్లా లేవూ?"

నెజహత్ అన్నయ్య కప్పులో ఇంకాస్త వేడినీళ్ళు పోసింది. ఆమె డాక్టరు కాదు. షిష్లీ పేటలో జుట్టు నాటే ఒక ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్ళుగా టెక్నీషియను. నుదుట గీత గీసేదీ, మత్తు సూదులు వేసేదీ, చర్మంలో గాట్లు పెట్టేదీ డాక్టర్లు. తీసిన వెంట్రుక కుదుళ్ళను భూతద్దాల కింద ఏరి, ఒక్కొక్కదాన్ని దాని గాటులో కూర్చోబెట్టేది ఆమె. దేశదేశాల పురుషుల యౌవనం ఆమె రెండు వేళ్ళ మధ్య నుంచి పోయి వాళ్ళ తలకెక్కింది. ఆ వేళ్ళకు డాక్టరు పట్టా లేదు.

పందొమ్మిదేళ్ళ ఇల్గిన్ గుడ్డు ఒలుస్తూ ఆగింది. వేసవి సెలవుల్లో ఆ పిల్ల అదే ఆసుపత్రిలో విదేశీయుల ఫోన్లకు జవాబులు చెప్పింది. "మామయ్యా, పెళ్ళి అక్టోబరు పదకొండునే కదా? మరి అప్పటికి నీకు…"

"ఇల్గిన్, వెళ్ళి రెండు సిమిట్లు, ఆ నువ్వుల రొట్టెలు, పట్రా," అంది నెజహత్.

"నాలుగున్నాయి కదమ్మా, బుట్టలో."

"వేడివి పట్రా."

ఇల్గిన్ తల్లి ముఖంలోకి చూసింది. లేచి, వెళ్తూ వెళ్తూ తల్లి మోచెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కుపోయింది.

"ఆయనకి తెలీదా?"

"ఏమిటి తెలియనిది?"

"అమ్మా, నాతో నాటకాలొద్దు. నాటిన జుట్టు మూడో వారం నుంచి రాలిపోతుందని రోజుకి పాతిక మందికి చెప్పేదాన్ని. కుదురు లోపలే ఉంటుంది, మూడు నాలుగు నెలలకి మళ్ళీ మొలుస్తుంది, ఏడాదికి గాని పూర్తిగా రాదు, కంగారు పడకండి అని. పెళ్ళి సరిగ్గా ఇరవై తొమ్మిదో రోజు. మండపంలో ఆయన తల ఎలా ఉంటుందో ఊహించుకున్నావా? మచ్చలూ, ఎరుపూ, వెనక గొరిగిన మెడా."

"ఊహించుకున్నాను," అంది నెజహత్. ఊహించుకోవడమేమిటి, ఏప్రిల్ నుంచి ఆ దృశ్యాన్ని ఆమె రోజూ కాస్త కాస్త మెరుగు పెడుతూనే ఉంది. "ఆయన సంతకం పెట్టిన కాగితంలో ఉంది. తొమ్మిదో పేరా."

"ఆయన కాగితాలు చదవడు. కింద సంతకం మాత్రం తోరణమంత పెడతాడు."

"ఆ సంగతీ నాకు తెలుసు."

ఇల్గిన్ తల్లిని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "ఈ ఆపరేషన్ తేదీ నువ్వే పెట్టావు కదూ?"

నెజహత్ సిమిట్లకు డబ్బులు తీసి చేతిలో పెట్టింది. కూతురు చెప్పులు వేసుకుని, తలుపు కొంచెం గట్టిగానే వేసి వెళ్ళిపోయింది.

ఆ పగకు మూడేళ్ళ వయస్సు. దాని కారణానికి ముప్ఫై నాలుగేళ్ళు. మూడేళ్ళ కిందట వదిన పోయినప్పుడు ఆమె బట్టలు మడత పెట్టడానికి నెజహత్ తొకాత్ వెళ్ళింది. అల్మారా అడుగున ఒక పాత నిఘంటువు, అందులో విప్పిన ఒక కవరు. సివాస్ వైద్య కళాశాలలో నెజహత్ అనే పద్దెనిమిదేళ్ళ పిల్లకు సీటు వచ్చిందని, తొమ్మిది రోజుల్లో వచ్చి నమోదు చేయించుకోవాలని ఆ ఉత్తరం ఎంతో మర్యాదగా తెలియజేస్తోంది. ఆ రోజుల్లో వాళ్ళ వీధి ఉత్తరాలన్నీ పోస్టుమాన్ కాఫీ కొట్లో పడేసి పోయేవాడు. ఆడపిల్లలు ఆ కొట్టు గడప తొక్కరు. కళాశాల ప్రవేశ పరీక్ష మూడోసారి తప్పిన ముహ్లిస్ పొద్దస్తమానం అక్కడే పాచికలాడుతూ ఉండేవాడు. సీటు రాలేదనుకున్న నెజహత్ ఆ శరదృతువంతా దుప్పటి కప్పుకుని పడుకుంది. మరుసటి ఏడు ఆపరేషన్ గదుల్లో సహాయకురాలిగా చేరే రెండేళ్ళ చదువుతో సరిపెట్టుకుంది.

ఉత్తరాన్ని ఉన్నచోటే పెట్టి, ఆమె వదిన చీటిగౌన్లు మడత పెట్టడం పూర్తి చేసింది. నోరు విప్పలేదు. ఆపైన ఈ ఏప్రిల్‌లో అన్నగారు ఫోను చేసి, మురువ్వెత్ అనే సాధ్వీమణిని వివాహమాడబోతున్నానని, సింహాసనానికి తగిన కిరీటం కావాలని సెలవిచ్చినప్పుడు, నెజహత్ క్యాలెండరు తీసి పెళ్ళి తేదీ నుంచి మెల్లగా వెనక్కి లెక్కపెట్టింది. చేతితో ద్రోహం చేయడం ఆమె వృత్తికి చెల్లదు. నోటితో, అందులోనూ మూసిన నోటితో, చేయవచ్చు.

ఆసుపత్రిలో డాక్టర్ కొరాయ్ ఊదా రంగు కలంతో నుదుట గీత గీస్తుంటే ముహ్లిస్ అద్దంలో చూసి పెదవి విరిచాడు. "ఇంకో రెండు వేళ్ళు కిందికి దించండి నాయనా. ఇరవయ్యో ఏట నా నుదురు అక్కడుండేది."

"అక్కడ నాటితే వెనక వేయడానికి కుదుళ్ళు మిగలవు మాస్టారూ. మెడ మీద ఉన్న పంటే మనకి గతి. అది తరిగేదే గాని పెరిగేది కాదు. పైగా నడినెత్తి జుట్టు ముందు ముందు ఇంకా రాలుతుంది. అప్పుడు ముందొక కంచె, వెనకొక మైదానం అవుతుంది."

"ఆయన చెప్పింది నిజం," అంది నెజహత్. "గీత అక్కడే ఉండనీ." అన్నిటికంటే నిజమైన మాటను మాత్రం మింగేసింది.

తల వెనక గొరిగి, మత్తు ఎక్కించి, కంత ఉన్న దిండులో ముఖం పెట్టించి అతణ్ణి బోర్లా పడుకోబెట్టారు. మిల్లీమీటరైనా లేని గొట్టపు సూది ర్‌ర్‌ర్‌ మంటూ ఒక్కొక్క కుదురు చుట్టూ తిరిగింది. నెజహత్ సన్నటి పట్టకారులాంటి చిమ్టాతో దాన్ని పైకి లాగి, చల్లటి ద్రవం ఉన్న గాజు పళ్ళెంలో పదేసి చొప్పున పేర్చింది. ఒక పాఠశాలాధిపతి గాంభీర్యమంతా కింద కంతలోంచి నేలను చూస్తూ పడి ఉండగా, అతని వైభవం పైన రెండు వేల నాలుగు వందల ముక్కలై పళ్ళేల్లో తేలింది. ఈ భాగం తనకు ఆనందం కలిగిస్తుందని నెజహత్ అనుకున్నది. చేతులు మాత్రం అలవాటుగా ఒక్క కుదురు కూడా తెగకుండా జాగ్రత్త పడ్డాయి.

మధ్యాహ్నం విరామంలో అతణ్ణి లేపి, మెడకు కట్టు కట్టి, పప్పుసూపు, రొట్టె ముందు పెట్టారు. కట్టున్న తలకు ఫోను ఆనించరాదు గనక మురువ్వెత్‌తో మాటలు గది మొత్తానికి వినిపించేలా జరిగాయి.

"పరమానందంగా ఉంది మురువ్వెత్. నొప్పా? చీమ కుట్టినట్టయినా లేదు. మా చెల్లెలు డాక్టర్ నెజహత్ స్వహస్తాలతో చేస్తోంది మరి."

"పెళ్ళి నాటికి వచ్చేస్తుందా ముహ్లిస్ గారూ?" అంది ఫోనులోని గొంతు. "ఫొటోగ్రాఫరు అడుగుతున్నాడు."

"రాకపోతే మా నెజహత్ ముందే చెప్పదూ? మా ఇంట్లో ఒకరి దగ్గర ఒకరం ఏదీ దాచుకోం."

నెజహత్ చేతిలోని సూపు గిన్నెను బల్ల మీద పెట్టింది. మూడేళ్ళు కాపలా కాసిన నిశ్శబ్దం ఆ ఒక్క వాక్యం దగ్గర ఓడిపోయింది.

"రాదు," అంది. "ఇవాళ నాటింది మూడో వారంలో రాలిపోతుంది. నీ పెళ్ళినాడు నీ తల ఈనాటికన్నా అన్యాయంగా ఉంటుంది. మళ్ళీ మొలిచేసరికి చలికాలం సగం గడుస్తుంది. ఏప్రిల్ నుంచీ నాకు తెలుసు. కావాలనే చెప్పలేదు."

ముహ్లిస్ చెంచా గాల్లోనే ఆగింది. "హాస్యమాడుతున్నావా?"

"పళ్ళేల్లో రెండు వేల నాలుగు వందల కుదుళ్ళున్నాయి. సాయంత్రంలోగా నాటకపోతే చస్తాయి. ఇక వెనక్కి పోవడానికి లేదు. బాగుంది కదూ, గడువు దాటాక తెలియడం?"

"నీకేమైనా పిచ్చి పట్టిందా? నేను నీకేం చేశాను?"

"నిఘంటువులో ఏం దాచావో చెప్పు."

ముహ్లిస్ ముఖంలో ప్రధానోపాధ్యాయుడు మెల్లగా లేచి బయటికి వెళ్ళిపోయాడు. మిగిలినవాడు కాఫీ కొట్లో పాచికలాడే పాత ముహ్లిస్.

"ముహ్లిస్ గారూ, నేనింకా లైన్లోనే ఉన్నాను," అంది ఫోను. "చెల్లెలు అడిగినదానికి జవాబు చెప్పండి. నేనూ వింటాను."

అతడు చెంచాను సూపులో వదిలేశాడు.

"సాయంత్రం ఇద్దామనుకున్నాను," అన్నాడు చివరికి. "దేవుడి తోడు, ఆ సాయంత్రమే. నేను మూడుసార్లు తప్పాను కదా, నాన్న ముందు అది ఎలా చదవాలో తోచలేదు. రేపిద్దాంలే అనుకున్నాను. రేపు ఇస్తే నిన్ననే ఎందుకివ్వలేదంటారు. ఎల్లుండి ఇస్తే ఇంకా అంటారు. రోజురోజుకీ బరువెక్కిపోయింది. తొమ్మిదో రోజు దాటాక అది ఇంక ఉత్తరం కాదు నెజహత్, నేను చేసిన నేరం. చించలేకపోయాను. ఇవ్వలేకపోయాను."

"నేను డాక్టరునని ఊరంతా చాటావెందుకు?"

"నా నోటితోనైనా నువ్వు డాక్టరువి కావాలనుకున్నానేమో. ఏమో, నాకూ తెలీదు."

దీనికి ఆమె దగ్గర సిద్ధంగా ఉన్న జవాబులు చాలా ఉన్నాయి; మూడేళ్ళుగా స్నానాల గదిలో సాన పట్టినవి. వాటికి బదులు ఆమెకు ఏప్రిల్ గుర్తుకు వచ్చింది. అన్నయ్య ఆదివారం ఆదివారం ఫోను చేసేవాడు. ఈ ఆదివారం చెప్పేస్తాను అని మే నెలలో ఒకసారి నిజంగానే అనుకుంది. అప్పటికే నెల దాటింది; ఇన్నాళ్ళెందుకు చెప్పలేదంటాడు. జూన్‌లో ఇంకా కష్టమైంది. ఆగస్టులో అసాధ్యమైంది. ఆ ఉత్తరాన్ని ఒక రాక్షసుడు ఒక్క దెబ్బతో దాచి ఉంటాడని ఇన్నాళ్ళూ నమ్మింది. దాచడానికి రాక్షసుడు అక్కరలేదు. రోజూ కాస్త కాస్త నోరు మూసుకునే తోబుట్టువు చాలు. ఆ విద్య తనకూ పట్టుబడింది, అంత సునాయాసంగా. క్షమించాలని ఆమెకు అనిపించలేదు. అతడు ఎలా చేశాడో మాత్రం అరచేతిలో పెట్టినట్టు తెలిసిపోయింది. తెలియకుండా ఉన్నప్పుడే హాయిగా ఉండేది.

ఫోనులో మురువ్వెత్ గొంతు సవరించుకుంది. "పెళ్ళి ఆగదు. తేదీ మారదు. కానీ టోపీ పెట్టుకుని ఫొటోలకి నిలబడతానంటే ఒప్పుకోను. తల ఎందుకలా ఉందని ఎవరడిగితే వాళ్ళకి ఎందుకో చెప్పాలి. ఉత్తరం దగ్గర్నుంచి చెప్పాలి. ఆవిడ డాక్టరు కాదనీ, ఎవరివల్ల కాలేదో కూడా. సరేనా?"

"మురువ్వెత్, ఊరు ఊరంతా వస్తారు."

"అందుకే అంటున్నాను."

"సరే," అన్నాడు ముహ్లిస్. ఆ మాటను అతడు అంత చిన్నగా పలకడం నెజహత్ ఎన్నడూ వినలేదు. తాను రచించిన పగకన్నా, ముక్కూ ముఖమూ తెలియని ఆ స్త్రీ రచించినది పదింతలు గొప్పదని ఆమెకు ఒప్పుకోక తప్పలేదు.

డాక్టర్ కొరాయ్ తలుపు తోసి గదిలోకి వచ్చాడు. ఎంత విన్నాడో ముఖంలో కనబడనివ్వలేదు. "అక్కా, గాట్లు మొదలెడుతున్నాను. కుదుళ్ళు ఆగవు. మీరు నాటుతారా, రెండో టెక్నీషియను ఐనూర్‌ని పిలవనా?"

నెజహత్ భూతద్దాల కళ్ళజోడు పెట్టుకుంది. అద్దాలకు ఆవిరి పట్టింది. తీసి తుడిచింది. మళ్ళీ పట్టింది. "ఐనూర్‌నే పిలవండి," అంది.

"వద్దు." ముహ్లిస్ అప్పటికే కుర్చీలో వెల్లకిలా పడుకున్నాడు. "నువ్వే నాటు."

"నా కోపం పోలేదన్నయ్యా."

"పోలేదని తెలుసు. అయినా నువ్వే నాటు. ఆవిరి తగ్గేదాకా ఉంటాను."

ఆమె కూర్చుంది. డాక్టరు గాట్లు పెట్టి లేచాక, మొదటి కుదురును చిమ్టాతో పట్టి, వెంట్రుక వాలు చూసి, గాటులో దించింది. రెండోది. మూడోది. పదో కుదురు దగ్గర అతడు కళ్ళు మూసుకునే అడిగాడు.

"ఇవాళ్టి తర్వాత ఏమవుతుంది? అంతా చెప్పు. ఏదీ వదలకు."

ఆమె చెప్పింది. నాలుగో రోజుకి నుదురు వాచి కళ్ళ మీదికి దిగుతుందని, భయపడవద్దని. పది రోజులకు చెక్కులు ఊడతాయని. తర్వాత జుట్టు దిండు మీద కనబడుతుందని. వెనక మెడ నుంచి వచ్చినది గనక మళ్ళీ మొలిచాక బ్రతికినంత కాలం ఉంటుందని. మధ్యలో ఉన్న పాత జుట్టుకు మాత్రం ఆ పూచీ లేదని, దానికి మందు వాడాలని. కొంతమందికి మెడ వెనక మొద్దుబారుతుందని, నెలల తరబడి ఉంటుందని. వింటున్నంతసేపూ అతడు ఒక్కసారి కూడా మధ్యలో అడ్డురాలేదు. ఇరవై ఆరేళ్ళ ప్రజాజీవితంలో అదొక అపూర్వ సంఘటన.

చెప్పడం అయిపోయాక నెజహత్ తర్వాతి పళ్ళేన్ని దగ్గరికి జరుపుకుంది.

"సివాస్‌లో తరగతులు ఎప్పుడు మొదలయ్యేవో?" అన్నాడు ముహ్లిస్.

"అక్టోబరులో."

అతని కంటి కొస నుంచి ఒక నీటి చార బయలుదేరి చెవి వైపు జారింది. నెజహత్ గాజుగుడ్డతో దాన్ని అద్ది తీసింది.

"ఏడవకన్నయ్యా," అంది. "నుదురు కదులుతోంది."