బోరు దగ్గర కొలిచిన నీళ్లు

నీటి నమూనాలు తీసే ముసలాయన పంప్‌హౌస్ గోతిలో శవమై దొరికాడు. ఒంటి మీద గాయం లేదు. గోతి నిండా కార్బన్ డయాక్సైడ్.

"మన మనిషే," అన్నాడు గూఢచారి విభాగం చీఫ్, ఏజెంటు ఎదుట కిటికీ తెర లాగుతూ. "అక్కడి ప్లాంటులో ఆ గ్యాస్‌ని భూమిలోకి పంపిస్తున్నారు కదా, అక్కడ నీళ్లలో కరిగి ఆమ్లమవుతుంది. లోతున నల్లరాయి దాన్ని మెల్లగా రాయిగా మార్చేస్తుంది. అంతవరకు మంచిదే. పైనున్న సున్నపురాయి మాత్రం కరుగుతుంది. పాత బోరుకి బిగించిన సిమెంటు బిరడా కూడా. ప్రెషర్ పెంచి దాన్ని ఊడగొట్టాలని విదేశీ ముఠా ప్లాను. ఊడిందా, రాళ్లలోని ఆర్సెనిక్ విషం ఊరి తాగునీళ్లలోకే."

"ఆ ఊళ్లో మా అక్క ఉంటుంది సార్."

"తెలుసు. ఇదుగో పెన్ను. నీళ్లలో ముంచితే పీహెచ్ చూపిస్తుంది. ఏడుంటే మంచినీళ్లు, తగ్గితే పులుపెక్కినట్టు. రాయదు."

డిపార్ట్‌మెంట్‌లో మౌని అని పిలిచే ఆ ఏజెంటు, మెకానిక్ వేషంలో ప్లాంటు ల్యాబ్‌కి వెళ్లాడు. అక్కడ అందరూ డాక్టర్ అని పిలిచే శాస్త్రవేత్త, ముఠాలో ఉంటూ డిపార్ట్‌మెంట్‌కి రహస్యాలు చేరవేసే మనిషి. అందగత్తె.

"గొంతు ఎండిపోతోంది," అన్నాడు.

"రాయి కరిగేదాకా ఆగు." కోడ్ సరిపోయింది.

పాత బోరు పక్కనున్న పరిశీలన బోరు నుంచి పొద్దున తెచ్చిన నీళ్లు బీకరులో పోసి, బాగా కలిపి, కొలిచింది. "ఏడు. మచ్చ లేదు. హాయిగా వెళ్లు."

అతని మనసు తేలికపడింది. ఎందుకు ఇంత తొందరగా తేలికపడిందని అతను దాన్నే అనుమానించాడు. బీకరు గోడకి చిన్న చిన్న బుడగలు. ముసలాయన వానలో కూడా బోరు దగ్గరే కొలిచేవాడు. ఆలస్యమైతే గ్యాస్ పోతుంది, దాంతో పులుపూ పోతుంది. ఇంత చదివిన మనిషికి అది తెలియదా?

పరిశీలన బోరు దగ్గర నీళ్లు తోడి పెన్ను ముంచాడు. అయిదు దాటలేదు.

పంప్‌హౌస్‌లో ప్రెషర్ ముల్లు ఎరుపు వైపు పాకుతోంది. వాల్వు చక్రం గోతికి అవతల, మెట్ల పైన. అతను ఊపిరి బిగబట్టి గోతిలో దిగి, అవతల ఎక్కాడు. చక్రం పట్టుకునేసరికి వెనక చప్పుడైంది. డాక్టర్. గోతిలో నిలబడి పిస్టల్ గురిపెట్టింది.

"చెయ్యి తియ్యి."

"పైకి రండి డాక్టర్ గారూ. అక్కడ గ్యాస్ ఉంది."

"నాకే పాఠమా? నిన్ననే ఆ లీకు కట్టించాను."

"ఇవాళ ప్రెషర్ పెంచింది మీరేగా. ఆ కట్టు ఆగుతుందా?"

ఆమె ఏదో అనబోయింది. మోకాళ్లు వంగాయి. పిస్టల్ జారిపోయింది.

ముందు చక్రం తిప్పాలా, ఆమెను లాగాలా? అతను చక్రం తిప్పాడు. ముల్లు ఎరుపు అంచున వణికి, ఆగింది. బిరడా నిలిచింది. మళ్లీ ఊపిరి బిగబట్టి దిగి ఆమెను పైకి లాగేసరికి ప్రాణం లేదు. పడుతున్నప్పుడు ఆమె కళ్లలో కనిపించినది భయం కాదు, పాఠం గుర్తొచ్చిన విద్యార్థి చూపు. అది అతన్ని వదల్లేదు.

సాయంత్రం అక్క గ్లాసుతో నీళ్లిచ్చింది. అతను పెన్ను తీసి ముంచాడు. ఏడు. తాగాడు.

"అదేం పనిరా? ఆ పెన్నుతో నాకో ఉత్తరం ముక్క రాయొచ్చుగా."

"ఇది రాయదక్కా."

"నీకు తగ్గ పెన్నే," అని గ్లాసు తీసుకుంది.